కుడితిలో పడ్డ ఎలుక

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సైకిల్ పెడల్ ఊడదీద్దామని గంట నుంచి కుస్తీ పడుతున్నా, రావట్లేదు. స్పానర్‌కి పైపు తొడిగి మరీ తిప్పాను, ఇప్పుడు లోపల ఏదో కరకరమంటోంది" అన్నాడు. ఏ పెడల్ రా అంటే ఎడమది అన్నాడు. ఎటు తిప్పావంటే, మామూలు బోల్టు ఎటు తిప్పి విప్పుతామో అటే అన్నాడు. ఇక నాకు చూడక్కర్లేకుండానే అర్థమైపోయింది. సైకిల్ ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, మామూలు బోల్టు విప్పినట్టు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. అంటే మావాడు గంటసేపు, పైపు సాయంతో, చెమటలు కక్కుతూ దాన్ని బిగించాడన్నమాట. పెడల్ ఇరుసు ఉక్కుది, దాన్ని పట్టుకుని ఉండే కమ్మీ, అదే క్రాంకు, అల్యూమినియంది, రెండూ పోట్లాడుకుంటే ఏది ఓడిపోతుందో మీరే ఊహించుకోండి. క్రాంకు మర పోయింది.

"నెట్‌లో చూసే చేశానన్నయ్యా, నాకేం తెలుసు" అని లింకు పంపించాడు.

తెరిచాను. తెలుగు పేజీ. మొదటి నాలుగు పేరాలూ సైకిల్ తొక్కడం వల్ల ఒంటికి కలిగే లాభాల గురించి. పెడల్ ఊడదీయడానికి వచ్చినవాడికి ఆ సంగతి ఎందుకో నాకు తెలీదు. ఆ తర్వాత "కుడి పెడల్‌కు వ్యతిరేక దారం ఉంటుందని గుర్తుంచుకోవడం ముఖ్యం" అని ఉంది. దారం! ఇంగ్లీషులో రెండూ థ్రెడ్డే కాబట్టి మర అనాల్సిన చోట దారం. ఇంకాస్త కిందికి వెళ్తే "క్రాంక్ చేయి నుండి పెడల్‌ను సున్నితంగా విడదీయండి" అట, పాపం ఆ చేతికి నొప్పి పుడుతుందేమో. అలా నవ్వుకుంటూ చదువుతున్నవాణ్ణి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మొండి గాడిదను ముందు నుండి లాగితే అది రాదు, దాని మెడను పక్కకు తిప్పాలి, పెడల్ కూడా అలాంటిదే."

ఆ గాడిద నాది.

పన్నెండేళ్ళ కిందట ఒక ప్రశ్నలూ జవాబుల సైట్లో నేను ఇంగ్లీషులో రాసిన జవాబు అది. ఆ గాడిద పోలిక ఎక్కడో విని రాసింది కాదు, అర్ధరాత్రి నిద్రమత్తులో తోచి రాశాను, పైగా అంత గొప్ప పోలికేం కాదని అప్పుడే అనుకున్నాను కూడా. ఆ నిద్రమత్తులోనే ఇంకో పని చేశాను, కుడి ఎడమలు తారుమారు చేశాను. తిరగమర ఎడమ పెడల్‌కి ఉంటుందని రాయాల్సింది కుడి పెడల్‌కి అని రాశాను. అంటే మావాడి క్రాంకు పోగొట్టిన తప్పు ఇంకెవరిదో కాదు, నాదే. ఎన్ని చేతులు మారి, ఏ భాష నుంచి ఏ భాషకి తిరిగి, చివరికి మా ఇంటికే వచ్చి చేరింది.

కానీ నేను చెప్పాలనుకుంటున్నది తప్పు గురించి కాదు, ఆ తప్పు కింద ఏముందో దాని గురించి. నేను జవాబు పెట్టిన పావుగంటలోనే ఎవరో వచ్చి, ఇది తిరగబడింది, తిరగమర ఎడమ పక్కది, అసలు ఈ కుడి ఎడమల గొడవే లేకుండా గుర్తుండాలంటే స్పానర్ పిడి పైకి ఉండేలా పెట్టి సైకిల్ వెనక చక్రం వైపు నెట్టండి, రెండు పెడళ్ళూ అలాగే ఊడతాయి అని రాశారు. ఎంత బాగా చెప్పారో చూడండి. ఇంకొకరు వచ్చి, నాది స్పానర్ పెట్టే పెడల్ కాదు, లోపలి వైపు నుంచి అలెన్ కీ పెట్టాలి, అప్పుడు దిక్కు మారుతుందా అన్నారు. మారదు, మీరు చూసే వైపు మారింది గానీ ఇరుసు తిరిగే వైపు మారలేదు కదా అని మొదటాయన. అలా ఓ పద్నాలుగు కామెంట్లు, మధ్యలో నూనె ఎప్పుడు వేయాలి అని ఒక పిల్ల తగాదా, ఒకాయన అలిగి వెళ్ళిపోవడం, మళ్ళీ రావడం. నేను థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. జవాబు దిద్దలేదు. బద్ధకం ఒకటి, రెండోది కింద అంత స్పష్టంగా ఉంటే చూడనివాడు ఎవడుంటాడు అనుకున్నాను.

ఇప్పుడు తెలిసింది ఎవడుంటాడో. ఆ తెలుగు పేజీ రాసిన ఏఐ యంత్రం నా జవాబు తీసుకుంది, గాడిదని తీసుకుంది, కింద తగాదాని వదిలేసింది. నా జవాబున్న పేజీలో పనికొచ్చే భాగమంతా ఆ తగాదాలోనే ఉంది.

ఆ తెలుగు పేజీలో రచయిత పేరు కింద నవ్వుతూ ఒక ఫోటో ఉంది, ఒక చెవికి కమ్మ ఉంది, రెండో చెవికి వేరే ఏదో ఉంది. అదే రోజున అదే రచయిత మూత్రపిండాల్లో రాళ్ళ గురించీ, ఇంటి అప్పు గురించీ, కుక్కపిల్లల పెంపకం గురించీ రాశారు. నిద్రపోతారో లేదో.

ఏఐ కుప్పలుగా రాసిపోసే ఈ సరుకుకి ఇంగ్లీషులో స్లాప్ అని పేరు పెట్టారు. 2025కి మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు ఎంచుకున్న మాట కూడా అదే. స్లాప్ అంటే అచ్చంగా మన కుడితి, పశువుల ముందు పెట్టే కడుగునీళ్ళు. నిజానికి కుడితిని ఇలా తిట్టడం అన్యాయం, అది తాగిన పశువుకి కాస్త బలమైనా వస్తుంది. నాకు ఎక్కువ నచ్చిన మాట ఊకదంపుడు. ఊకని ఎంత దంచినా గింజ రాలదు, ఆ సంగతి మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. కాకపోతే పాతకాలపు ఊకదంపుడులో దంచేవాడికి చేతులు నొప్పెట్టేవి. గంటన్నర ఉపన్యాసం ఇచ్చినాయనకి గొంతైనా ఎండేది, ఏదో ఒక క్షణంలో ఇక చాలనిపించేది. ఇప్పుడు ఆ నొప్పి పోయింది. వినేవాడికి మాత్రం అలాగే ఉంది.

ఏఐ రాకముందు ఇంటర్నెట్ ఏదో పాలసముద్రంలా ఉండేదని నేను అనను. 1993 సెప్టెంబరులో కొత్తవాళ్ళ వరద వచ్చిపడి యూజ్‌నెట్ అనే అప్పటి చర్చల వేదిక పాడైపోయిందని అప్పటి పాతకాపులు ఏడ్చారు, ఆ సెప్టెంబరు ఇంకా అయిపోలేదని ఇప్పటికీ జోకు. చవగ్గా మనుషుల చేత వ్యాసాలు కుప్పలుగా రాయించే కంపెనీలు పెరిగిపోయి 2011లో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి వాటిని కిందికి తోసింది. అంటే చెత్త ఎప్పుడూ ఉంది. కానీ ఆ చెత్తకి ఓ ఖర్చుండేది. ఎంత తక్కువ డబ్బుకైనా ఒక మనిషి కూర్చుని ఓ అరగంట టైపు చేయాలి. నేను పెడల్ జవాబు రాయడానికి నలభై నిమిషాలు పట్టింది, చదవడానికి రెండు నిమిషాలు. రాసేవాడు ఎక్కువ ఇచ్చి చదివేవాడికి తక్కువ భారం వేసే ఏర్పాటు అది, ఇన్నాళ్ళూ చదువు అనేది దాని మీదే నడిచింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక అది తలకిందులైంది. రాయడానికి పది సెకన్లు, అది నిజమో కాదో తేల్చుకోవడానికి చదివేవాడికి గంట, ఒక్కోసారి ఒక క్రాంకు.

ఈ తలకిందుల లెక్క ముందుగా ఎవరి మీద పడిందో చూస్తే, తలుపు తెరిచి పెట్టుకున్నవాళ్ళ మీద. క్లార్క్స్‌వరల్డ్ అని ఒక సైన్స్ ఫిక్షన్ పత్రిక ఉంది, ఎవరైనా కథ పంపొచ్చు, పేరున్నవాళ్ళే అక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 20న వాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేయాల్సి వచ్చింది. ఆ నెలలో అప్పటికే యంత్రం రాసిన కథలు 500 దాటి వచ్చిపడ్డాయి. అవి బాగుండి కాదు, సంపాదకుడు నీల్ క్లార్క్‌కి అవి ఇట్టే తెలిసిపోయేవి కూడా, కానీ తెలియాలంటే ముందు తెరవాలి కదా. ఎవడో వీడియోలో ఇలా కథలు పంపితే డబ్బులొస్తాయని చెప్పడం, చాలామంది నమ్మడం. తర్వాత మళ్ళీ తలుపు తెరిచారనుకోండి, కానీ అంతకుముందులా నిశ్చింతగా ఎవరూ తెరవలేరు.

కర్ల్ సంగతి ఇంకా దారుణం. మీ ఫోన్లోనూ టీవీలోనూ కార్లోనూ ఎక్కడో లోపల, నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టే ఆ చిన్న ప్రోగ్రామ్ ఉండే ఉంటుంది, డానియల్ స్టెన్‌బర్గ్ అనే స్వీడన్ ఆయన దశాబ్దాలుగా కొద్దిమందితో కలిసి దాన్ని చూసుకుంటున్నాడు. అందులో భద్రతా లోపం పట్టుకుంటే బహుమానం ఇస్తామని 2019లో పెట్టారు, మంచి ఆలోచన, నిజమైన లోపాలు చాలానే దొరికాయి. ఆ తర్వాత మొదలైంది, మర్యాదగా, పేరాలు విడగొట్టి, లేని ఫంక్షన్ పేర్లతో, లేని లోపం గురించి పొడుగాటి నివేదికలు. ఇది నిజంగా ఉందా అని అడిగితే ఇంకో పొడుగాటి మర్యాద. 2025 మధ్యకి వచ్చేసరికి వచ్చేవాటిలో అయిదో వంతు ఇలాంటి సరుకేననీ, నిజమైన లోపాలు 5 శాతం దగ్గరికి పడిపోయాయనీ ఆయనే రాశాడు. 2026 జనవరి చివరితో ఆ బహుమానాన్ని ఎత్తేశారు. ఊరికే సాయం చేస్తున్నవాళ్ళ ఓపికని దోచుకోవడం అంటే ఇదే, దీనికి శిక్ష కూడా లేదు.

ఇక ఫేస్‌బుక్, ఎక్స్ (పాత ట్విటర్) లాంటి పెద్ద వేదికల విషయానికొస్తే, వాటిని ఏఐ పాడుచేసిందనడం వాటికి క్లీన్‌చిట్ ఇవ్వడమే. అవి అప్పటికే పాడవుతున్నాయి. ముందు మనల్ని బాగా చూసుకోవడం, మనం కదల్లేని స్థితికి వచ్చాక మనల్ని వ్యాపారులకి అమ్మడం, ఆ వ్యాపారులూ కదల్లేని స్థితికి వచ్చాక వాళ్ళనీ పిండడం, ఈ వరసకి కోరీ డాక్టరో అనే రచయిత 2022 చివర్లో ఒక బూతు కలిసిన పేరు పెట్టాడు, 2023కి అమెరికన్ డయలెక్ట్ సొసైటీ దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. తెలుగులో రాస్తే మా అమ్మ చదువుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. స్నేహితుల పోస్టులు కాలక్రమంలో చూపించడం ఎప్పుడో మానేశారు. మనం ఎవర్ని ఫాలో అయినా సరే, ఏది చూపిస్తే ఇంకో నిమిషం కూర్చుంటామో అదే చూపిస్తారు. ఎక్స్‌లో 2023 జులై నుంచి డబ్బు కట్టిన ఖాతాలకి ప్రకటనల్లో వాటా ఇవ్వడం మొదలుపెట్టారు, ఇక ఏ పెద్ద పోస్టు కింద చూసినా "చాలా బాగా చెప్పారు, ఇది నిజంగా ఆలోచింపజేసే విషయం" అని ఎవరూ ఏమీ ఆలోచించని జవాబులే.

అంటే మట్టి సిద్ధంగా ఉంది, విత్తనం వచ్చిపడింది. 2024లో ఫేస్‌బుక్‌లో రొయ్యలతో చేసిన ఏసుక్రీస్తు బొమ్మలు వేలకి వేలు లైకులతో తిరిగాయి గుర్తుందా, మీ ఫీడ్‌లోకి రాకపోతే అదృష్టవంతులు. రొయ్య ఏసు ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. కానీ ఎవరో వంద రకాల బొమ్మలు వదిలారు, అల్గారిథమ్ ఏది కదిలితే దాన్ని పైకి లేపింది, కదిలినదాన్ని చూసి ఇంకొకడు వెయ్యి వదిలాడు, కింద ఆమెన్ అని రాసినవాళ్ళలో ఎంతమంది మనుషులో ఎంతమంది బాట్లో దేవుడికే తెలియాలి. ఎవరి కోరికా లేకుండా పుట్టిన బొమ్మ అది. అదే ఏడాది ఒక సైన్స్ పత్రికలో అసంభవమైన అవయవాలతో ఓ ఎలుక బొమ్మ, చుట్టూ అర్థంలేని అక్షరాలతో, అచ్చయి వచ్చింది, మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. సమీక్షకుల్లో ఒకరు బొమ్మల మీద అభ్యంతరం చెప్పినా అచ్చేశారట. కుడితిలో పడ్డ ఎలుక అంటే ఏమిటో మొట్టమొదటిసారి కళ్ళారా చూశాను.

నాకు ఎక్కువ మంట పుట్టించేది మాత్రం సెర్చ్. ఎందుకంటే అక్కడే నా గాడిద కథ దేశదేశాలకీ మల్టిప్లై అవుతోంది. 2024 మే నెలలో గూగుల్ సెర్చ్ పైన ఏఐ సారాంశాలు అమెరికాలో అందరికీ పెట్టారు, పెట్టిన రోజుల్లోనే పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో కొంచెం జిగురు కలపమని చెప్పింది. అది రెడిట్ అనే చర్చల సైట్లో ఎవరో అప్పటికి పదకొండేళ్ళ కిందట వేసిన జోకు. రోజుకి ఒక చిన్న రాయైనా తినడం మంచిదని ఇంకో సలహా, అది వ్యంగ్య పత్రిక ఆనియన్‌లోంచి వచ్చింది. అందరూ నవ్వారు, వాళ్ళు దిద్దుకున్నారు, అయిపోయింది. కానీ నాకు ఆ జిగురు జోకులో కనిపించేది వేరు. ఆ జోకుని రెడిట్‌లోనే చూసినవాడికి అది జోకని రెండు సెకన్లలో తెలుస్తుంది. చుట్టూ ఏముందో, ఆ మనిషి ఇంకేం రాస్తుంటాడో, కింద ఎవరు ఏమన్నారో కనిపిస్తుంది. ఆ చుట్టూ ఉన్నదాన్ని కడిగేసి వాక్యం ఒక్కదాన్నే తెచ్చి, పాపం సీరియస్ గొంతుతో చదివితే జిగురే మిగులుతుంది.

అంతకుముందు ఫిబ్రవరిలోనే రెడిట్ మాటలు వాడుకోవడానికి గూగుల్ ఒప్పందం చేసుకుంది, ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లని అప్పట్లో వార్త. అక్కడ రాసినవాళ్ళకి అందులో దమ్మిడీ రాలేదు. సరే, డబ్బు కోసం ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. మరి దేనికోసం రాశాను? ఇది నన్ను నేను అడుక్కుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరో వచ్చి చదువుతారని. చదివి, తప్పుంటే తిడతారని. నిజం చెప్పాలంటే ఆ పెడల్ జవాబు కింద పద్నాలుగు కామెంట్లు చూసి ఆ రాత్రి నాకు భలే సరదా వేసింది. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు 2025 మార్చిలో అమెరికాలో 900 మంది బ్రౌజింగ్ చూసి లెక్క తీశారు, పైన ఏఐ సారాంశం ఉంటే జనం కింద లింకులు నొక్కేది 8 శాతం సార్లు, లేకపోతే 15 శాతం. సారాంశంలోనే ఇచ్చిన లింకు నొక్కేది 1 శాతం. అంటే చదివేవాడు రాసినవాడి ఇంటికి రావడం మానేస్తున్నాడు. రానివాడు తిట్టడు కూడా.

ప్రోగ్రామర్ల ప్రశ్నలూ జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో చూడండి. 2008లో మొదలైంది, ప్రోగ్రామర్లందరూ ఏదో ఒకరోజు అక్కడ తల దాచుకున్నవాళ్ళే. చాట్‌జీపీటీ వచ్చిన వారంలోపే దాని జవాబులు ఇక్కడ పెట్టకండని నిషేధించారు, ఎందుకంటే చూడ్డానికి సరైనవిలా ఉండి తప్పుగా ఉంటున్నాయని. 2023 జూన్‌లో మోడరేటర్లు ఏకంగా సమ్మె చేశారు, ఏఐ జవాబుల్ని తీసేయనివ్వడం లేదని. ఇంతలో ప్రశ్నలు అడిగేవాళ్ళే పోయారు. ఒకప్పుడు నెలకి లక్షకి పైన వచ్చే ప్రశ్నలు 2024 చివరికి పాతిక వేలకి అటూ ఇటూగా పడిపోయాయి. ఇందులో వాళ్ళ తప్పూ ఉంది, కొత్తగా వచ్చి అడిగినవాణ్ణి ఇది ముందే అడిగారు పో అని కసిరి పంపిన రోజులు నాకూ తెలుసు, నేనూ కసురు తిన్నాను. యంత్రం కసరదు, అదే దాని గొప్ప. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది ఆ కసురుకునే ముసలాళ్ళ దగ్గరే. రేపు కొత్త భాష వస్తే, కొత్త లైబ్రరీ వస్తే, దానిలో విచిత్రమైన తప్పొకటి వస్తే, అది ఎక్కడ చర్చకి వస్తుంది? ఒక్కొక్కడూ ఒక్కొక్క గదిలో కూర్చుని యంత్రంతో విడివిడిగా మాట్లాడుకుని, విడివిడిగా సమస్య తీర్చుకుని వెళ్ళిపోతే, రెండోవాడికి ఏం మిగులుతుంది?

ఈ మాటే మావాడితో అంటే, "ఎవడు చదువుతాడన్నయ్యా ఆ తగాదాలన్నీ, జవాబు కావాలి గానీ" అన్నాడు. క్రాంకు పోయినవాడు అనాల్సిన మాటేనా ఇది? కానీ వాడిదీ తప్పు లేదు, వాడు చేతిలో స్పానర్ పట్టుకుని వెతికాడు, పద్నాలుగు కామెంట్లు చదివే తీరికెక్కడిది.

తెలుగు విషయం కొంచెం చెప్పుకోవాలి. 2024లో కొందరు పరిశోధకులు వెబ్‌లో వాక్యాలు ఎన్ని భాషల్లో ఒకేలా ఉన్నాయో పోల్చి చూశారు. ఒక వాక్యం ఎన్ని ఎక్కువ భాషల్లోకి వెళ్ళిందో అంత నాసిగా ఉంటోందనీ, అదంతా యంత్రం తర్జుమాయేననీ, వెబ్‌లో తక్కువ సరుకున్న భాషల్లో మొత్తం రాతలో పెద్ద వాటా ఇలాంటిదేననీ తేల్చారు. అంటే దారం, క్రాంక్ చేయి వగైరా. రేపటి యంత్రం తెలుగు నేర్చుకునేది ఇందులోంచే. నేచర్ పత్రికలో 2024 జులైలో ఒక పత్రం వచ్చింది, యంత్రం రాసినదాన్నే మళ్ళీ యంత్రానికి మేపితే తరం తరానికీ అరుదైనవన్నీ ముందు రాలిపోయి చివరికి ఒకే రకం మాటలు మిగులుతాయని. దీనికి మనకి ఎప్పట్నుంచో ఓ మాటుంది, చర్వితచర్వణం. నమిలిందే నమలడం. మొదట రాలిపోయేది అరుదైనవట, అంటే మర పోయి దారం ఉంటుంది. రాబిన్ స్పీర్ అనే ఆవిడ చాలా భాషల్లో ఏ మాట ఎంత తరచుగా వాడతారో లెక్కగట్టే వర్డ్‌ఫ్రీక్ అనే పని ఏళ్ళ తరబడి చేసింది, 2024 సెప్టెంబరులో ఇక దీన్ని కొత్తగా లెక్కించనని ఆపేసింది. 2021 తర్వాత మనుషులు భాషని ఎలా వాడుతున్నారో ఎవరి దగ్గరా నమ్మదగ్గ సమాచారం ఉందని అనుకోవడం లేదంది. ఆ మాట చదివి నాకు నిజంగా దిగులేసింది, ఒక బావిలో నీళ్ళు తోడడం మానేసినట్టు.

ఇక నా సిగ్గుమాలిన పని ఒకటి. ఈ మధ్య ఒకాయన నాకు మెయిల్ రాశారు, నేనెప్పుడో రాసిన ఒక వ్యాసంలో రెండు చోట్ల పొరపాట్లున్నాయని. మెయిల్ ఎంత శుభ్రంగా ఉందంటే, మూడు పేరాలు, కామా కూడా పక్కకి జరగలేదు, మొదట మెప్పు, మధ్యలో విషయం, చివర్లో శుభాకాంక్షలు. నాకు చిర్రెత్తింది. "మీ యంత్రానికి కూడా నా నమస్కారాలు చెప్పండి" అని ఒక్క లైను కొట్టి పంపేశాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. "ముప్పై ఏళ్ళు ప్రూఫ్ రీడర్‌గా పనిచేశానండీ. తప్పుల్లేకుండా రాయడం ఇప్పుడు నేరమైందని నాకు తెలియదు." అంతే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పన్నెండేళ్ళ కిందట నా తప్పు చూపించినాయనకి థాంక్స్ చెప్పినవాణ్ణి, ఇప్పుడు తప్పు చూపించినాయన్ని యంత్రం అనేశాను. క్షమాపణ రాశాను, ఈసారి ఆయన జవాబివ్వలేదు.

కనిపెట్టే సాధనాలున్నాయి కదా అంటారు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్ళే 2023 జనవరిలో ఒకటి వదిలారు, యంత్రం రాసినవాటిలో 26 శాతమే పట్టుకునేది, మనిషి రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివని అనేది. జులైలో తీసేశారు. సొంత బిడ్డని వాళ్ళే గుర్తుపట్టలేకపోయారు, నేనొక మెయిల్ చూసి తేల్చేశాను.

నేను ఏఐ ముట్టనివాణ్ణేం కాదు. ఆఫీసులో వాడతాను, బుర్ర తిరిగే స్ప్రెడ్‌షీట్ ఫార్ములాకి దాన్నే అడుగుతాను, అది చెప్పింది పనిచేస్తుందో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది కాబట్టి బాధ లేదు. పనిచేయకపోతే పోయేది నా పది నిమిషాలు. దాన్ని మనిషి ఫోటో పెట్టి, మనిషి పేరు పెట్టి, ఇంకొకడి ముందుకి వదిలినప్పుడే నాకు ఒళ్ళు మండేది. ఆ పెడల్ పేజీకి మెయిల్ పెట్టాను, తప్పుంది దిద్దండి అని. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబొచ్చింది. పేజీ ఇప్పటికీ అలాగే ఉంది, దారంతో సహా.

వాళ్ళు దిద్దకపోతే పోనీ, నా మూలమైనా దిద్దుదామని ఆ పాత సైట్‌కి వెళ్ళాను. పాస్‌వర్డ్ గుర్తులేదు, పాత మెయిల్ ఎలాగో తెరిచాను, నేను రోబోని కాదని నిరూపించుకోవడానికి మూడుసార్లు ట్రాఫిక్ లైట్లు నొక్కాను, నాలుగోసారి మోటార్‌సైకిళ్ళు. లోపలికి వెళ్తే నా జవాబు పైన ఇప్పుడు ఓ రంగు పెట్టెలో ఏఐ సారాంశం పెట్టారు, అందులో కుడి పెడల్ అనే ఉంది. పద్నాలుగు కామెంట్లూ "మరిన్ని చూపించు" అనే బటన్ కింద మడతపెట్టి ఉన్నాయి. నొక్కితే అందరూ ఉన్నారు, అలిగినాయన, అలెన్ కీ ఆయన, స్పానర్ పైకి పెట్టి వెనక్కి నెట్టమన్నాయన. ఆయన చివరిసారి సైట్లోకి వచ్చి ఆరేళ్ళయింది.

కుడిని ఎడమ చేశాను. స్పానర్ చిట్కాని పైకి తెచ్చి, ఎవరు చెప్పారో పేరుతో సహా పెట్టాను. గాడిదని తీసేద్దామా అనుకుని ఉంచేశాను. పైనున్న రంగు పెట్టె మాత్రం మారలేదు, అది ఎప్పుడు మారుతుందో ఆ సైట్ వాళ్ళకైనా తెలుసో లేదో.

తొమ్మిది రోజుల తర్వాత నోటిఫికేషన్ వచ్చింది. ఎవరో కొత్తాయన, పదిహేనో కామెంటు. "రెండో పేరాలో ఇంకా ఒకచోట కుడి అనే ఉంది. అయినా గాడిద మెడ పట్టుకుని తిప్పితే తంతుంది, మీరెప్పుడూ గాడిదని చూడలేదనుకుంటా."

వెంటనే వెళ్ళి దిద్దాను. గాడిద విషయంలో మాత్రం ఒప్పుకోలేదు, ఆయనకి పెద్ద జవాబే రాశాను.